రెండు వేళ్ల సందు

గాలి జాలీలు మూసింది నేను. స్వప్న కాదు.

మెల్‌బోర్న్ క్లేటన్‌లో మా అమ్మాయి అద్దెకుండే ఇంట్లో ఏడు జాలీలకు ప్లాస్టిక్ కప్పి, నీలం టేపు అంటించి, బయటి గాలి రాకుండా చేసినవాణ్ణి నేను. దానివల్ల మా అమ్మాయి చావు అంచుదాకా వెళ్లింది. ఆ తప్పు, ఆమెను బతికించిన పిల్ల మీద పడుతుంటే నేను పక్కనే నిలబడి నా బూట్ల వంక చూసుకున్నాను. ఈ సంగతి మా అమ్మాయికి ఇంతవరకు తెలియదు. ఈ కాగితాలు అచ్చుకు వెళ్లేముందు ఆమె దగ్గరికే వెళ్తున్నాయి.

ఇక మొదటి నుంచి చెప్తాను.

జూన్ రెండో వారం. ఉదయం ఆరున్నరకు మెల్‌బోర్న్‌లో దిగాను. బయట నాలుగు డిగ్రీలు. సన్నటి తుంపర. సామాను: సూట్‌కేసు ఒకటి, కంది పొడి, కారప్పొడి, సైన్యం నాటి ఉన్ని టోపీ, గుడ్డ సంచిలో నా పనిముట్లు. స్పానర్లు ఎందుకు నాన్నా, ఇక్కడ అన్నీ దొరుకుతాయి అని శైలజ ఫోన్‌లో అన్నది. దొరికేవి వేరు, చేతికి అలవాటైనవి వేరు.

శైలజ మా అమ్మాయి. క్లేటన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడు పడమటి ఎడారి గనుల్లో ఇంజనీరు, మూడు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. మనవరాలు ఆద్యకు ఆరేళ్లు. నా డ్యూటీ: ఎనిమిదీ నలభైకి ఆద్యను బడిలో దింపడం, మూడూ పదికి తీసుకురావడం, మధ్యలో వంట, శైలజ నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకుంటే ఇంట్లో చప్పుడు కాకుండా చూడటం. ఆరు నెలల వీసా. ఎవరూ ఆర్డరు రాసివ్వలేదు కాని ఇరవై ఆరేళ్లు సర్వీసు చేసినవాడికి పోస్టింగ్ అంటే ఏమిటో తెలుసు. ఇది పోస్టింగే.

ఇల్లు పాతది. బయట ఇటుక, లోపల చెక్క చట్రానికి కొట్టిన పలక గోడలు. ముందు హాలు, నడవా, వంటిల్లు, రెండు పడక గదులు, స్నానాల గది, వెనక ఇంకో గది. ఒక్కో గదిలో పైకప్పుకు జానెడు కింద గోడకు చిన్న జాలీ. మూయడానికి రెక్క లేదు. చలికాలమంతా అందులోంచి చల్లటి గాలి సన్నగా దిగుతూనే ఉంటుంది. కట్టినవాడి బుర్ర ఏమైందని నేను రోజూ తిట్టుకునేవాణ్ణి. నడవా గోడలో గ్యాస్ ఫర్నేస్. బీరువా అంత ఎత్తు. అడుగున మంట, లోపల ఫ్యాన్, పైకప్పు మీదికి పొగగొట్టం. ఇల్లంతటికీ వేడి అదొక్కటే.

వెనక గదిలో స్వప్న అద్దెకు ఉండేది. కరీంనగర్ పిల్ల. ఇరవై ఏడేళ్లు. యూనివర్సిటీలో ఏదో రక్తపరీక్షల మీద పరిశోధన. ఇంటికి పన్నెండు నిమిషాల నడక. నేను వచ్చిన రెండో రోజు వంటింట్లో నా పనిముట్ల సంచి చూసింది.

"అంకుల్, మీరు మిలిటరీల తుపాకి పట్టిండ్రా, పానా పట్టిండ్రా?"

"రెండూ. పానాయే ఎక్కువ."

"అయితే నా సైకిల్ చైన్ చూడుండ్రి. యుద్ధం అయిపోయింది గదా."

ఆ పిల్ల సైకిల్ పది నిమిషాల్లో బాగు చేశాను. అప్పటినుంచి ఆమెకు రోజూ మధ్యాహ్నం డబ్బా కట్టివ్వడం నా డ్యూటీలో చేరింది. ఎవరూ చెప్పలేదు, నేనే చేర్చుకున్నాను.

వచ్చిన తొమ్మిదో రోజు దోసెల పిండి పొంగలేదు.

ఆ దేశంలో మనవాళ్లు పిండి గిన్నెను ఫర్నేస్ ముందు పెడతారు. పిండికి వేరే చోట వెచ్చదనం దొరకదు. ఉదయం మూత తీస్తే పెట్టినది పెట్టినట్టే ఉంది. చేత్తో ఫర్నేస్ జాలీ తడిమాను. చల్లగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, వేడి లేదు. గోడ మీది థర్మామీటర్ పదకొండు చూపిస్తోంది.

శైలజ ఇంటి ఏజెంటుకు మెయిలు పెట్టింది. ఫిట్టర్‌ను పంపుతామని జవాబు. మూడు రోజులు. మళ్లీ మెయిలు. మళ్లీ అదే జవాబు. ఆరో రోజు ఇంకో మెయిలు వచ్చింది: ఇల్లు ఎలా ఉంచుకున్నారో తనిఖీ చేయడానికి గురువారం పదిన్నరకు వస్తాం. మంట వెలిగించడానికి మనిషి దొరకడు. గోడల మీద మరకలు లెక్కపెట్టడానికి మాత్రం గంట, నిమిషంతో సహా మనిషి దొరుకుతాడు. ఆద్య కోటు వేసుకుని మంచమెక్కేది. "తాతా, ఐ కెన్ సీ మై బ్రెత్" అని నోటితో పొగ వదిలి చూపించేది. అది ఆటగానే అన్నది. నాకు మండింది.

"నేను చూస్తాను" అన్నాను.

"నాన్నా, ప్లీజ్. ఇక్కడ గ్యాస్‌కి లైసెన్స్ ఉండాలి. టచ్ చెయ్యొద్దు" అన్నది శైలజ.

లైసెన్సు! నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకు ఇంగ్లీషు నేర్పింది జనరేటర్ల మాన్యువళ్లు. పెద్ద కాలేజీల నుంచి వచ్చిన ఆఫీసర్లు చేతులెత్తేసిన ఇంజన్లను పదిహేను వేల అడుగుల ఎత్తులో, చేతి తొడుగులు తీస్తే చర్మం ఇనుముకు అంటుకుపోయే చలిలో నడిపించినవాణ్ణి. అలా అని శైలజతో అనలేదు. మంగళవారం ఆమె నిద్రలో ఉండగా మొదలుపెట్టాను.

ఉదయం తొమ్మిదిన్నర. ముందు గోడ మీది కంట్రోలు. బ్యాటరీలు మార్చాను. తేడా లేదు. రెండోది గ్యాసు. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది, కాబట్టి గ్యాసు వస్తోంది. మూడోది ఫిల్టరు. బయటికి లాగితే జంపఖానా అంత మందాన దుమ్ము. కడిగి ఆరబెట్టాను. నాలుగోది పైలట్ మంట, అంటే ఎప్పుడూ వెలుగుతూ ఉండి పెద్ద మంటను అంటించే చిన్న మంట. అది ఆరిపోయి ఉంది. మీట నొక్కిపట్టి వెలిగించాను. ముప్పై లెక్కపెట్టి మీట వదిలాను. ఆరిపోయింది. మూడుసార్లు అంతే.

అప్పుడు అర్థమైంది. పైలట్ మంట పక్కన ఒక సన్నటి రాగి కడ్డీ ఉంటుంది. మంట ఉన్నదని అది వేడిని పట్టి చెప్తేనే గ్యాసు తెరుచుకుంటుంది. దాని మీద మసి గట్టిగా పేరుకుంది. విప్పి, ఎమరీ పేపరుతో రుద్ది, బిగించాను. మీట నొక్కాను. ముప్పై. వదిలాను. మంట నిలిచింది.

పదకొండూ ఐదుకు ఫర్నేస్ పెద్ద మంట అందుకుంది.

ఇక్కడ ఒక మాట. మసి ఊరికే పేరుకోదు. గాలి చాలని మంటే మసి కక్కుతుంది. మంట నీలంగా ఉండాలి. నేను వెలిగించిన మంట అంచుల్లో పసుపు ఉంది. చూశాను. పాత యంత్రం, రెండు రోజులు మండితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. వేడి వచ్చిందన్న సంతోషంలో కళ్లు చూసినదాన్ని బుర్ర పక్కకు తోసింది.

సాయంత్రానికి ఇల్లు పదిహేడు దాకా వచ్చి ఆగింది. అంతకు మించి ఎక్కదు. పైన జాలీల్లోంచి చలి దిగుతోంది కదా. బుధవారం ఉదయం ఏడు గంటలకు, శైలజ ఇంకా షిఫ్ట్ నుంచి రాకముందు, కుర్చీ వేసుకుని జాలీలు మూయడం మొదలుపెట్టాను. పార్సిళ్లకు చుట్టి వచ్చే బుడగల ప్లాస్టిక్ ఇంట్లో ఉంది. టేపు లేదు. స్వప్న తన ల్యాబ్ టేపు తెచ్చింది. నీలం రంగు, వెడల్పాటి చుట్ట.

"నేను వచ్చిన కొత్తల నా రూంల జాలీకి అట్టముక్క పెట్టిన అంకుల్. అక్క తీసెయ్యమన్నది. ఏమన్న అయితదా?"

"పొగగొట్టం పైకి ఉంది కదమ్మా. ఏమీ కాదు. రేపు తనిఖీకి ముందు పీకేద్దాం."

ఆ పిల్ల టేపు చుట్టను గాజులా మణికట్టుకు తొడుక్కుని కుర్చీ కింద నిలబడింది. నేను చేయి చాపినప్పుడల్లా ఒక ముక్క చింపి ఇచ్చింది. ఏడు జాలీలు. ఇరవై అయిదు నిమిషాలు.

ఇప్పుడు మీకు ఇంకో చలి సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు ఎంతదో తెలియదు.

సైన్యంలో నాయక్ హోదాలో ఉన్నప్పుడు నేను ఒక మంచు పోస్టులో ఎనిమిది నెలలు చేశాను. మంచులో పాతిన బంకర్లు. ఒక్కో దాంట్లో కిరోసిన్‌తో మండే బుఖారీ, అంటే వేడికి పెట్టుకునే ఇనుప పొయ్యి. పొగ పోవడానికి గొట్టం ఉండేది. అది కాక గోడలో ఇంకో రంధ్రం ఉండేది. దాన్ని రెండు వేళ్లు దూరేంత సందు ఉంచి తక్కింది గోనెపట్టాతో కప్పాలి. అది ఆర్డరు. ఆ సందులోంచి వచ్చే చలి సూదిలా పొడిచేది. అయినా మూయకూడదు. గంటకోసారి సెంట్రీ ఫోన్ తిప్పేవాడు.

"హవా?"

"దో ఉంగ్లీ."

గాలి ఉందా అని ప్రశ్న. రెండు వేళ్లంత ఉందని జవాబు. అంతే మాట.

ఒకరోజు తెల్లవారుజామున మూడో బంకర్లో వంటవాడు చలికి తాళలేక ఆ సందులో మేజోడు కుక్కాడు. వైర్‌లెస్ ఆపరేటర్ చూశాడు, ఊరుకున్నాడు. అయిదు గంటలకు ఫోన్ మోగితే "దో ఉంగ్లీ" అనే అన్నాడు. ఆరు గంటలకు ఫోన్ ఎత్తలేదు. తలుపు పగలగొట్టి లోపలికి వెళ్లిన ముగ్గురిలో నేనొకణ్ణి. ఆపరేటర్ బతికాడు. వంటవాడు బతకలేదు. విచారణలో నా సాక్ష్యం నేనే రాశాను. మేజోడు కుక్కినవాడి కంటే అబద్ధపు రిపోర్టు ఇచ్చినవాడిదే పెద్ద తప్పు అని రాసి సంతకం పెట్టాను. ఆ కుర్రాడు నా వంక చూస్తూ నిలబడ్డాడు. నేను జాలి పడలేదు.

ఇది తెలిసినవాణ్ణి నేను. తెలిసి ఏడు జాలీలు మూశాను.

ఎనిమిదింపావుకు శైలజ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అబ్బ! నాన్నా, ఏం చేశావ్? నిన్నటికంటే ఎంత వెచ్చగా ఉందో!"

"మీ ఏజెంటు చేయనిది చేశాను."

"ఫర్నేస్ ముట్టుకున్నందుకు నిన్నటి నుంచి తిడదామనుకుంటున్నా కానీ ఓపిక లేదు. థ్యాంక్స్ నాన్నా" అని నవ్వి వెళ్లి పడుకుంది. తలెత్తి చూడలేదు. స్వప్న ల్యాబ్‌కు వెళ్లిపోయింది. నేను ఆద్యను బడిలో దింపి వచ్చాను.

పది గంటలకు చేపల పులుసు పెట్టాను. మరునాడు తనిఖీ. మనవాళ్ల ఇళ్లలో తిరగమోత వాసన వస్తోందని ఏజెంట్లు కాగితం మీద రాసిన సంగతులు శైలజ చెప్పింది. అందుకే అక్కడి మన ఆడవాళ్లు తనిఖీకి ముందు రోజంతా పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచుతారట. నేనూ పెద్ద స్పీడులో పెట్టాను. ఆపలేదు.

ఒంటిగంటకు తలనొప్పి. ఒంటిగంటన్నరకు కాళ్లలో బలం లేదు. నడవాలో కుర్చీలో కూలబడ్డాను. చాలా రోజుల తర్వాత వెచ్చగా ఉంది, అందుకే నిద్ర వస్తోందనుకున్నాను. మూడూ పదికి ఆద్య బడి అని మాత్రం గుర్తుంది.

ఆ తర్వాత గుర్తున్నది చెంప మీద దెబ్బ. తడి గడ్డి. ఆకాశం.

"అంకుల్! లెవ్వుండ్రి! అంకుల్, కండ్లు తెర్వుండ్రి!"

స్వప్న ఆ రోజు డబ్బా మరిచిపోయి వెళ్లింది. నేను కట్టిన పులిహోర డబ్బా. దానికోసం రెండూ ఇరవైకి వచ్చింది. తలుపు తీయగానే నేను కుర్చీలో ఒరిగి ఉన్నాను. పడక గదిలో శైలజను పిలిస్తే పలకలేదు. ఆ పిల్ల కిటికీలు తీసి, ఫర్నేస్ ఆపి, శైలజను దుప్పటితో సహా నేల మీదికి దించి, వెనక పెరటి గడ్డిలోకి ఈడ్చుకొచ్చింది. తర్వాత నన్ను. ఆమె యాభై కిలోలుండదు. అంబులెన్సుకు ఫోన్ చేసింది. బడికి ఫోన్ చేసి పాపను ఆపమన్నది. అంబులెన్సువాళ్ల చేతిలో చిన్న మీటరు ఇంట్లో అడుగు పెట్టగానే కూత పెట్టింది.

కార్బన్ మోనాక్సైడ్. వాసన లేదు, రంగు లేదు. శైలజకు సాయంత్రం దాకా ఆక్సిజన్ పెట్టారు. తాను పనిచేసే ఆసుపత్రిలోనే. మూడు గంటలపాటు ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఆ మూడు గంటలు నేను ఏ దేవుడికి ఏం చెప్పుకున్నానో ఇక్కడ రాయను.

గురువారం ఉదయం తొమ్మిదికి, తనిఖీ మనిషికి బదులు గ్యాస్ ఫిట్టర్ వచ్చాడు. అంతవరకు దొరకని మనిషి ఇప్పుడు దొరికాడు. నెరిసిన మీసాలు, నా వయసుకు ఓ పదేళ్లు తక్కువ. తక్కువ మాటలు. ఫర్నేస్ విప్పి, టార్చి వేసి, ఆ రాగి కడ్డీని చూశాడు.

"దీన్ని ఎవరు శుభ్రం చేశారు?" ఇంగ్లీషులో అడిగాడు.

"నేను" అన్నాను. వెంటనే. నిటారుగా నిలబడి.

"చేయకూడని పని. కాని పనిమంతుడి చెయ్యి" అన్నాడు.

తర్వాత దేవుడి అలమరలోంచి ఒక అగరొత్తి అడిగి తీసుకున్నాడు. ఫర్నేస్ వెలిగించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయించి, తలుపులన్నీ మూయించాడు. అగరొత్తిని పొగగొట్టం మొదట్లో పట్టుకున్నాడు. పొగ పైకి వెళ్లాలి. వెళ్లలేదు. వంగి, నడవాలోకి, మా ముఖాల మీదికి వచ్చింది. ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగేస్తోంది, జాలీలు మూసి ఉన్నాయి, అందుకని ఇల్లు పొగగొట్టంలోంచి గాలి తాగుతోంది. విషం అలా వచ్చింది. వెంటనే అన్నీ ఆపి తలుపులు తీయించాడు. కుర్చీ ఎక్కి నీలం టేపు ఒక అంచు పట్టి లాగాడు. ప్లాస్టిక్ చిరునాలుకలా వేలాడింది.

"ఇవి ఎవరు మూశారు?"

మొదటి ప్రశ్నకు నోరు తెరిచినవాడు రెండో ప్రశ్నకు తెరవలేదు.

శైలజ సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. ముఖంలో రక్తం లేదు. ఆమె టేపు వంక చూసింది. తర్వాత స్వప్న వంక.

"స్వప్నా, ఇది నీ ల్యాబ్ టేప్ కదా? అట్టముక్క పెట్టినప్పుడే చెప్పాను కదమ్మా, వెంట్స్ క్లోజ్ చెయ్యొద్దని. ఆద్య ఇంట్లో ఉండుంటే?"

స్వప్న నా వంక చూసింది. కోపంగా కాదు. ఫోన్ తిప్పి జవాబు కోసం ఆగినవాడు చూసినట్టు. నేను లెక్కపెట్టాను. పది సెకన్లు ఉంటాయి. నా బూట్లకు మట్టి ఉంది. దాన్ని చూశాను.

"సారీ అక్కా" అన్నది ఆ పిల్ల.

ఆ రోజు నుంచి స్వప్న ఆ ఇల్లు వదిలి వెళ్లేదాకా తొమ్మిది రోజులు. ఒక్కో రోజూ ఈ రోజు చెప్తాననుకున్నాను. శైలజ కోలుకోనీ అనుకున్నాను. అల్లుడు రానీ అనుకున్నాను. చెప్తే ఆద్యను మళ్లీ నా చేతికి ఇస్తారా అనుకున్నాను. అదీ అసలు సంగతి. మిగతావి సాకులు. ఏజెంటును తిట్టాను, కట్టినవాణ్ణి తిట్టాను, ఆలస్యంగా వచ్చిన ఫిట్టర్‌ను తిట్టాను. అందరినీ తిట్టే నోటికి ఆ రెండు ముక్కలు రాలేదు.

శైలజ స్వప్నను పొమ్మనలేదు. బతికించిందని ఆమెకు తెలుసు. కాని ఆద్య గదిలోకి స్వప్న వెళ్తే లేచి వెళ్లి చూసేది. ఆ పిల్లకు అది చాలు. వేరే రూం వెతుక్కుంటానన్నది. దగ్గర్లో మన తెలుగువాళ్ల ఇల్లు ఒకటి కుదిరింది. ఆ ఇంటావిడ శైలజకు ఫోన్ చేసి పిల్ల ఎలాంటిదని అడిగింది. శైలజ అబద్ధమాడే మనిషి కాదు, తాను నిజమనుకున్నది చెప్పింది. ఆ రూం పోయింది. అద్దె ఇళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు: ఆ అమ్మాయికి ఇవ్వకండి, వెంట్స్ మూసేస్తుంది, ఇంట్లోవాళ్లు చచ్చి బతికారు. నేను ఆ మెసేజ్ శైలజ ఫోన్‌లో నా కళ్లతో చదివాను. ఫోన్ బల్ల మీద పెట్టి ఉల్లిపాయలు తరిగాను.

చివరికి రెండు బస్సులు, ఒక రైలు మారాల్సిన దూరంలో రూం దొరికింది. వెళ్లే రోజు ఆమెకు డబ్బా కట్టాను. తీసుకుంది.

"జాగ్రత్త అంకుల్" అన్నది.

డిసెంబరు మొదట్లో నా వీసా అయిపోయింది. విమానాశ్రయంలో ఆద్య నా ఉన్ని టోపీ పెట్టుకుని "తాతా, కమ్ బ్యాక్ నెక్స్ట్ వింటర్, యూ ఫిక్స్ ఎవ్రీథింగ్" అన్నది. శైలజ నవ్వింది. నేనూ నవ్వాను.

ఒంగోలు వచ్చి పడ్డాను. ఇక్కడ చలి లేదు, జాలీలు మూసే పని లేదు. అయినా నాకు కనబడేది ఒకటే. కుర్చీ మీద నేను. కింద ఆ పిల్ల తలెత్తి, మణికట్టుకు నీలం టేపు గాజు. ఇంకో ముక్క కావాలా అన్నట్టు చేయి చాపి ఉంటుంది. మూడో బంకర్ ఆపరేటర్ ముఖం ఈ మధ్య గుర్తుకు రావడం లేదు. ఆ చోట ఈ చేయి ఉంది.

జనవరిలో స్వప్నకు మెసేజ్ పెట్టి అడ్రస్ అడిగాను. చదువు ముగించి, సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రి ల్యాబ్‌లో చేరిందట. ఎందుకని అడగకుండా అడ్రస్ పంపింది. ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. బంకర్ సంగతి, పసుపు మంట సంగతి, బూట్ల సంగతి, అన్నీ. తప్పు నాది, నన్ను క్షమించమ్మా అని రాశాను. పోస్టులో వేసి వచ్చాక గుండె కొంచెం తేలికపడింది. ధైర్యమైన పని చేశాననుకున్నాను.

మూడు నెలలు జవాబు లేదు. మొన్న ఆదివారం ఉదయం ఏడింటికి ఫోన్‌లో వచ్చింది. వచ్చినది వచ్చినట్టు ఇక్కడ దింపుతున్నాను:

"అంకుల్, లెటర్ ముట్టింది. ఆ దినం నేను సారీ అన్నది టేప్ ఇచ్చినందుకు. టేప్ నాదే, చింపి ఇచ్చింది నేనే. నా వంతు నేను చెప్పిన. మీ వంతు మీరు చెప్తరని చూసిన. జాలీలు ఎవరు మూసిండ్రో నాకు ఎరుకే గదా, నాకెందుకు రాసిండ్రు? అక్కకు చెప్పిండ్రా?"